గుర్తు వేసి వదిలిన నాయకులు

ఆ ఆదివారం భీమవరంలో నలభై మంది మత్స్య శాస్త్రవేత్తలు వలలో పడ్డారు. వల వేసినవారు కూడా మత్స్య శాస్త్రవేత్తే. పడుతున్నామని పడేవాళ్ళకు తెలియలేదు. తెలిసేసరికి కాలర్లకు పసుపుపచ్చ బిళ్ళలు వేలాడుతున్నాయి.

వాళ్ళలో డాక్టర్ మందపాటి హైమవతి ఒకరు.

నిజానికి హైమవతి ఆ సమావేశానికి వచ్చింది వ్యాను కోసం. కోస్తా మత్స్య శాస్త్రజ్ఞుల సంఘానికి ఒక వ్యాను ఉంది. నీటి పరీక్షల సామాను, సూక్ష్మదర్శిని, చెరువు నీళ్ళలో గాలి కలిపే రెండు ఏరేటర్లు, ఆక్సిజన్ బిళ్ళల డబ్బాలు, అన్నీ అందులో సర్ది ఉన్నాయి. ఎవరో మేత వ్యాపారి పుణ్యం కట్టుకుని దానం చేశాడు. దానం పుచ్చుకున్న రోజు నుంచి అది సంఘం ఆఫీసు వెనక రేకుల షెడ్డులో, ముందు అద్దం మీద ఎండిపోయిన బంతిపూల దండతో నిలబడి ఉంది. అధ్యక్షుల సంతకం లేనిదే వ్యాను గేటు దాటకూడదు. సభ తీర్మానం లేనిదే అధ్యక్షులు సంతకం పెట్టకూడదు. తీర్మానమేమో ఎజెండాలో చివరి అంశం. 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయములు.' దానికి ముందు అంశం భోజనం. భోజనం దాటి ముందుకు వెళ్ళిన సభ సంఘం చరిత్రలో లేదు.

మబ్బులు మాత్రం ఎజెండా చూసుకుని రావు. వానాకాలంలో వరసగా నాలుగు రోజులు ఎండ మొహం చూడకపోతే చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ముందుగా నీళ్ళు పరీక్షించి హెచ్చరిస్తే చెరువు దక్కుతుంది. కిందటేడు గుమ్మలపాడులో సైదు గోవర్ధనం చెరువు తెల్లారేసరికి చేపల తెల్లటి పొట్టలతో నిండిపోయింది. కబురు విని, బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని హైమవతి వెళ్ళేసరికి చూడడానికి తప్ప చెయ్యడానికేమీ మిగల్లేదు. గట్టు మీద గొంతుక్కూర్చున్న గోవర్ధనం తలెత్తి, "ముందొస్తే డాక్టరండీ, ఎనకొస్తే సుట్టాలండీ" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. వచ్చే వానాకాలానికి వ్యానుతో ముందే వస్తానని ఆమె మాట ఇచ్చేసింది.

ఆ మాట కోసమే ఈ సభ. ఈ సభలో మాత్రం ఇంకో కథ నడిచింది.

ఢిల్లీలోని కేంద్ర సమాఖ్య నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి శాఖా తన 'నాయకత్వ లక్ష్యాలు' నిర్ణయించుకోవాలి. శాఖలో నాయకత్వం ప్రస్తుతం ఎంత ఉందో కొలవాలి. ఏటా పెంచాలి. కొలవని నాయకత్వం లేనట్టే లెక్క.

అధ్యక్షులు డాక్టర్ చెరుకువాడ విశ్వపతి గారు సర్క్యులర్ చదివి, కళ్ళజోడు తీసి, సభ వైపు జాలిగా చూశారు. ఆయన ఉద్యోగ జీవితమంతా సముద్రంలో చేపలు లెక్కపెట్టడంలో గడిచింది. కంటికి కనబడని చేపలు ఎన్ని లక్షలున్నాయో ఒడ్డున కూర్చుని చెప్పడంలో ఆయనకు దేశంలోనే పేరుంది.

"మిత్రులారా, ఇతర సంఘాలవాళ్ళు ఈ సర్క్యులర్ చూసి బెంబేలెత్తుతూ ఉంటారు. నాయకత్వాన్ని ఎలా కొలవడం అని తలలు పట్టుకుంటారు. మనకా అవస్థ లేదు. అరేబియా సముద్రంలో కానాగంత చేపలు లెక్కపెట్టిన చెయ్యి ఇది. ఈ హాల్లో నాయకుల్ని లెక్కపెట్టలేదా?" అన్నారు.

పద్ధతి పాతదే. నీళ్ళు తోడకుండా చెరువులో చేపలెన్నో తెలుసుకోవాలంటే ఒకసారి వల వేసి, పడిన చేపలకు గుర్తు వేసి వదిలేస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ వల వేస్తారు. రెండోసారి పడినవాటిలో గుర్తున్నవి చాలా కనబడితే చెరువులో చేపలు తక్కువన్నమాట. గుర్తున్నది ఎక్కడో ఒకటి కనబడితే చేపలు బోలెడు. మొదటిసారి పడినవాటిని రెండోసారి పడినవాటితో గుణించి, మళ్ళీ దొరికిన గుర్తు చేపలతో భాగిస్తే లెక్క తేలిపోతుంది.

"మరి వల ఏదండీ?" అని అడిగారు కార్యదర్శి కామేశం. సంఘంలో తీర్మానాలు రాయడం ఆయన పని. అర్థమైనా కాకపోయినా రాస్తారు.

విశ్వపతి గారు మైకు వేలితో తట్టారు. "ఇదే వల. దీని ముందు రెండు నిమిషాలకు మించి నిలబడినవాడు నాయకుడు."

మొదట పడింది డాక్టర్ సుబ్బరాయుడు. చేపల రోగాల్లో గోదావరి జిల్లాలన్నిటికీ పెద్ద దిక్కు. చేపకు ఒంట్లో బాగాలేకపోతే అది కూడా ఆయన్నే తలుచుకుంటుందని ప్రతీతి. ఈ నాయకత్వం గొడవ మనకెందుకని చెప్పడానికి మైకు దగ్గరకు వెళ్ళి, అది చెప్పడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. దిగగానే కామేశం ఆయన కాలరుకు పసుపు బిళ్ళ గుచ్చేశారు. చేపల వీపుకి వేసే అసలు బిళ్ళే, వరస నంబరుతో సహా. "పట్టి, గుర్తు వేసి, టీ ఇచ్చి వదలడమైనది" అని మినిట్సులో రాసుకున్నారు.

తరవాత ముప్ఫై ఎనిమిది మంది. చివర హైమవతి. వ్యాను సంగతి మనవి చేసుకుందామని మైకు అందుకుంది.

"అయ్యా, మబ్బులు మొదలవకముందే వ్యాను బయటికి..."

"రెండు నిమిషాలైంది. గుర్తు వెయ్యండి" అన్నారు విశ్వపతి గారు ఆప్యాయంగా.

బిళ్ళతోబాటు ఒక్కో నాయకుడికి ఒక్కో లక్ష్యం ఇచ్చారు. మరుసటి సభలో మైకు ముందుకొచ్చి ఎంతవరకు సాధించారో చెప్పాలి. సుబ్బరాయుడికి 'సంఘ సభ్యుల అంతరంగ చైతన్యమును మేల్కొల్పుట' తగిలింది. హైమవతికి వచ్చింది 'దార్శనికతను దిగువ స్థాయికి ప్రవహింపజేయుట.' ఆమె కాగితం మడిచి హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంది.

ఈలోగా భోజనాలు వడ్డించారు. ఇతర విషయములు పులిహోరలో కలిసిపోయాయి.

*

రెండో సభకి హాలు కిటకిటలాడింది. వచ్చినవాళ్ళలో తెలిసిన మొహాలు మాత్రం కనబడలేదు. లక్ష్యాలు పట్టుకెళ్ళిన మహానుభావుల్లో ఒక్కరూ రాలేదు. ఒకరికి మేనత్త ఊరి నుంచి కబురు వచ్చింది. ఒకరికి నడుం పట్టేసింది. సుబ్బరాయుడి ఫోను స్విచ్చాఫ్. సభ్యుల అంతరంగ చైతన్యం సంగతి అలా ఉంచి, ఆయన ఆచూకీ ఆయన భార్యకే సరిగా తెలియదు. "ఏదో చెరువు మీదకెళ్ళారండి. సంఘంవాళ్ళు అడిగితే మాత్రం కాశీ వెళ్ళారని చెప్పమన్నారు" అందావిడ నిజాయితీగా.

గుర్తున్న వాళ్ళలో వచ్చింది హైమవతి ఒక్కతే. వ్యాను అక్కడుంది. రాక చస్తుందా.

కొత్తవాళ్ళకు బిళ్ళల వెనకున్న కథ తెలియదు. సరదాగా మైకు ముందుకొచ్చారు. ఈసారి యాభై మంది దొరికారు. అందులో పాత బిళ్ళ ఒక్కటి. కామేశం లెక్క కట్టి, చూసి, మళ్ళీ కట్టి, చెమట తుడుచుకున్నారు.

"రెండు వేలు వస్తోందండి."

"ఏమిటి రెండు వేలు?"

"మన సంఘంలో నాయకులండి. సభ్యులేమో నూట ఎనభై మందే కదండీ."

హైమవతి లేచింది.

"విశ్వపతి గారూ, ఇది మనందరికీ తెలిసిన పొరపాటే కదండీ. ఓసారి వలలో పడి బాధపడ్డ చేప రెండోసారి వల కనబడితే అటు రాదు. మనవాళ్ళూ అంతే. లక్ష్యాలకి జడిసి పారిపోయారు. పారిపోయినకొద్దీ మన లెక్క పెరుగుతుంది."

విశ్వపతి గారు చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వారు. "వలకు జడవడం చేపల లక్షణం అమ్మా. వీళ్ళు శాస్త్రవేత్తలు. నాయకులు. నాయకుడు పని చూసి పారిపోతాడని నువ్వు అంటే సరిపోతుందా? దానికి ఆధారం ఉండాలి."

"ఒక్కరూ రాలేదు కదండీ."

"రానివాణ్ణి ఆధారంగా ఎలా తీసుకుంటాం? సూత్రం ఉంది. సూత్రం రెండు వేలంది. కనబడేవాళ్ళు నూట ఎనభై మంది. అంటే ఏమిటి? ఒక్కో సభ్యుడిలో సగటున పదకొండు మంది నాయకులు దాగి ఉన్నారు. వాళ్ళని బయటికి తియ్యడమే మన ముందున్న కర్తవ్యం."

కామేశం రాసుకున్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో ప్రతివాడూ తన లోపలి పదకొండు మందిని తలుచుకుని కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

అంతలో భోజనాలు.

*

ఢిల్లీ నుంచి అభినందనల సందేశం వచ్చింది. దేశంలోని అన్ని శాఖల నాయకులు కలిసినా మీ ఒక్క శాఖకి సరితూగరన్నారు. స్వయంగా చూడడానికి డాక్టర్ ఓరుగంటి పరాంకుశం గారు వస్తున్నారన్నారు. కేంద్ర సమాఖ్యలో పరాంకుశం గారి హోదా ఏమిటో ఎవరికీ సరిగా తెలియదు. ఆయన వస్తే అందరూ లేచి నిలబడతారు. అది చాలు.

హైమవతి సంఘం ఆఫీసుకి వెళ్ళేసరికి హాల్లో వడ్రంగులు సుత్తులతో బాదుతున్నారు. వేదిక పెరుగుతోంది. ఏడు కుర్చీల వేదిక రెండు వేల మంది నాయకులకు ఏ మూలకీ సరిపోదని దాన్ని పొడిగిస్తున్నారు. అప్పటికే హాలు మధ్య దాకా వచ్చింది.

"ఎక్కడిదాకా అండీ?" అని అడిగింది హైమవతి.

"వెనక గోడ దాకా. ఎకరానికి ఇన్ని చేపలు అని ఉన్నట్టే వేదికకి ఇంతమంది నాయకులు అని ఉంటుంది కదమ్మా. ఇరుకైతే ఎదగరు" అన్నారు విశ్వపతి గారు రంపం చప్పుడు మీదుగా.

"మరి సభికులు?"

"వరండాలో నిలబడతారు. అయినా లెక్క ప్రకారం సభికులు ఎవరూ మిగలరు."

హైమవతి బయటికి చూసింది. పడమటి వైపు ఆకాశం కాటుక పెట్టుకుంటోంది. ఆమె తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది.

"వ్యాను కాగితం అండి. తీర్మానం తరవాత చేసుకుందాం. ముందు ఒక్క సంతకం పెట్టండి. మబ్బు పట్టేసింది."

విశ్వపతి గారు కాగితాన్ని వేడి పెనంలా వేలితో వెనక్కి తోశారు. "ఇప్పుడా? ఇది నిషేధ కాలం అమ్మా. నీకు సర్క్యులర్ అందలేదూ?"

కామేశం నోటీసు బోర్డు చూపించారు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపుతారు కదా. అదే పద్ధతిలో సంఘంలోని నాయకత్వ నిల్వలు నిరాటంకంగా వృద్ధి చెందే నిమిత్తం పరాంకుశం గారి రాక దాకా 'నాయకత్వ వేట నిషేధం' విధించడమైనది. ఈ కాలంలో ఏ నాయకుణ్ణీ ఏ పనీ అడగరాదు. ప్రశ్న వెయ్యరాదు. జవాబు ఆశించరాదు.

"సంతకం వేటెలా అవుతుందండీ?"

"నువ్వు కాగితం చాపావు. నేను చిక్కాను. ఇంకా వేటంటే ఏమిటి?"

ఫోను మోగింది. గోవర్ధనం.

"డాక్టరమ్మగారూ, మబ్బు దిగిపోయిందండీ. ఎండ మొహం సూసి మూడ్రోజులైందండి. నీళ్ళు గోరింటాకు ముద్దలా పచ్చగా కనబడతన్నాయండి. బండెప్పుడొత్తదండీ?"

"వస్తుంది గోవర్ధనం గారూ."

"అదే మాట పోయినేడు కూడా అన్నారండి. మరేం అనుకోకండి. నేను సీలావతి సేపలకి సెప్పాలి కదా, కాత్త ఊపిరి బిగబట్టుకోండని."

హైమవతి ఫోను పెట్టేసి కాగితం వంక చూసింది. సుత్తులు మోగుతున్నాయి. వేదిక ఇంకో గజం ముందుకు వచ్చింది. ఆమె కుర్చీ జరుపుకోవలసి వచ్చింది.

*

పరాంకుశం గారు వచ్చిన రోజు ఉదయం భీమవరం మీద మబ్బు మూత పెట్టినట్టు ఉంది. ఆకు కదలడం లేదు.

హాల్లో నేల లేదు. అంతా వేదికే. గుమ్మంలో అడుగు పెడితే ఎత్తు మెట్టు, ఎక్కితే కుర్చీ. అందరూ వేదిక మీదే కూర్చున్నారు, ఎదురుగా మాత్రం గోడ. జ్యోతి వెలిగించడానికి లోపల చోటు లేక దీపస్తంభాన్ని వరండాలో పెట్టారు. గుమ్మం ఎత్తు తగ్గిపోయింది గనక పరాంకుశం గారు తల వంచుకుని ప్రవేశించారు. అది వినయమని అందరూ మెచ్చుకున్నారు.

సభ ఇంకా మొదలు కాలేదు. హైమవతి ఫోను మోగింది.

"అమ్మగారూ." గోవర్ధనం గొంతులో వేళాకోళం లేదు. "తెల్లారగట్ల నుంచి బొచ్చె సేపలు మూతులు పైకెట్టి తిరుగుతున్నాయండి. గట్టు పొడుగూతా అయ్యే. ఇంజను ఏసి నీళ్ళు ఎగజిమ్ముతున్నాం గానండీ, ఒక మూలకే సరిపోతంది. మద్దేనం దాకా ఆగితే కష్ట..."

"కష్టం" అన్న మాటలో సగమే వినబడింది. మిగతా సగం ఇంజను మోతలో పోయింది.

హైమవతి చుట్టూ చూసింది. ఎనభై తొమ్మిది మంది గుర్తు వేసిన నాయకుల్లో ఈ రోజూ వచ్చింది తనొక్కతే. రెండో సభలో బిళ్ళలు తగిలించుకున్నవాళ్ళు కూడా లక్ష్యాల కాగితాలు చదువుకుని మాయమయ్యారు. హాలు నిండా ఇంకా వలలో పడని అమాయకులు. ముందు వరసలో విశ్వపతి గారు, పక్కన కామేశం, మధ్యలో మైకు.

బతిమాలితే రాలేదు. వాదిస్తే రాలేదు. నిజం చెబితే అసలే రాలేదు. ఇక మిగిలింది లెక్క ఒక్కటే.

ఆమె వెళ్ళి విశ్వపతి గారి చెవి దగ్గర వంగింది.

"సర్, ఇవాళ మన లెక్క ఎంత తేలుతుందనుకుంటున్నారు?"

"గుర్తున్నవాళ్ళు ఎనభై తొమ్మిది. ఇవాళ ముప్ఫై మంది దాకా మైకుకి దొరుకుతారు. పాత బిళ్ళ ఒకటి, అంటే నువ్వు. రెండు వేల ఏడు వందలకి కొంచెం తక్కువ." ఆయన మొహం వెలిగింది. "పెరుగుదల స్పష్టంగా ఉంది."

"నేను లేకపోతేనో?"

"అంటే?"

"మళ్ళీ దొరికిన గుర్తులు సున్నా అవుతాయి కదండీ. కింద సున్నా ఉంటే లెక్క ఎంత వస్తుంది?"

విశ్వపతి గారి కళ్ళు ముందు చిన్నవయ్యాయి. తరవాత పెద్దవయ్యాయి. ముప్ఫై ఏళ్ళు చేపల్ని లెక్కపెట్టిన మనిషి ఎన్నడూ చూడని అంకె అది.

"అనంతం" అన్నారు ఎట్టకేలకు, దేవుడి పేరు పలికినట్టు.

"దేశంలో ఏ శాఖకీ ఉండదు సర్. అడ్డం ఒక్కటే. నేను. ఈ బిళ్ళ పెట్టుకుని ఇక్కడ కూర్చుంటే నా మూలంగా సంఘానికి రెండు వేల చిల్లరే వస్తుంది. నా మనసు ఒప్పుకోవడం లేదు."

"అయితే ఇంటికెళ్ళమ్మా. వెంటనే వెళ్ళు."

"ఇల్లు ఇక్కడికి రెండు వీధులండి. పరాంకుశం గారు కబురు పెడితే దొరికిపోతాను. మళ్ళీ ఒకటి. దూరంగా పోవాలి. గుమ్మలపాడు వైపైతే ఎవరికీ అందను. బస్సు మధ్యాహ్నానికి గాని లేదు." ఆమె నిట్టూర్చింది. "షెడ్డులో వ్యానుంది గానీ..."

విశ్వపతి గారు అప్పటికే జేబులో పెన్ను వెతుక్కుంటున్నారు. హైమవతి మడత విప్పి కాగితం అందించింది.

కామేశం మధ్యలో చెయ్యి పెట్టారు. "నిషేధ కాలంలో సంతకం వేట కిందికి వస్తుందండి. పైగా తీర్మానం లేదు."

"ఇది వేట కాదు కామేశం గారూ. తరలింపు" అన్నారు విశ్వపతి గారు సంతకం పెడుతూనే. "రాసుకోండి. నాయకత్వ నిల్వలకు ప్రతిబంధకముగా ఉన్న ఒక గుర్తు గల సభ్యురాలిని సంఘ వాహనమున సుదూర జలములకు తరలించడమైనది. ఇకపై సంఘ సమావేశము జరుగు ప్రతి దినమూ ఇదే పద్ధతిని విధిగా పాటించవలెనని తీర్మానించడమైనది. ఏకగ్రీవం."

కామేశం రాసుకున్నారు.

హైమవతి వరండా దాటేటప్పుడు లోపలి నుంచి మైకు గరగర వినబడింది. "మిత్రులారా, ఇవాళ మనం ఒక చారిత్రక అంకె అంచున నిలబడి ఉన్నాం."

షెడ్డు తలుపు తీసి ఆమె బంతిపూల దండ పీకి పారేసింది. బండి రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది.

*

గుమ్మలపాడు గట్టు మీద బండి ఆగకముందే గోవర్ధనం డోరు పట్టుకున్నాడు. చెరువు నిండా గుండ్రటి నోళ్ళు. వాన చినుకులు పడుతున్నట్టు నీళ్ళు చిటచిటలాడుతున్నాయి గానీ చినుకన్నది లేదు.

హైమవతి ఆక్సిజన్ మీటరు నీళ్ళలో ముంచింది. చూసింది.

"ఏరేటర్లు రెండూ దించండి. ఒకటి తూము దగ్గర, ఒకటి ఆ మూల. మేత ఆపించారా?"

"నిన్నే ఆపించేశారండి డాక్టరుగారు."

"ఏ డాక్టరుగారు?"

గోవర్ధనం నాలిక కరుచుకుని ఇంజను పాక వైపు చూశాడు. పాకలోంచి, లుంగీ పైకి కట్టి, మోకాళ్ళ దాకా బురదతో, ఒక చేత్తో సున్నం బకెట్టు పట్టుకుని, కాశీ వెళ్ళిన డాక్టర్ సుబ్బరాయుడు బయటికి వచ్చాడు. చొక్కా కాలరుకి పసుపు బిళ్ళ అలాగే ఉంది.

ఇద్దరూ కాసేపు ఒకరి బిళ్ళ ఒకరు చూసుకున్నారు.

"నన్ను పట్టుకురమ్మన్నారా?" అన్నాడు సుబ్బరాయుడు బకెట్టు కింద పెట్టకుండా.

"నన్ను తరిమేశారు."

"హమ్మయ్య. అయితే ఆ ఆక్సిజన్ బిళ్ళల డబ్బా ఇటు పడెయ్యి. ఊపిరి ఆడక చస్తున్నాయి, చేతిలో సామాను లేదు. ఆ సభ్యుల అంతరంగ చైతన్యం ఏమయిందో గానీ, ఇక్కడ బొచ్చెల చైతన్యం పోయేలా ఉంది."

"మీరు ఎప్పటి నుంచి ఇక్కడ?"

"రెండో సభకి ముందు రోజు నుంచి. ఊరికే దాక్కుందామనే వచ్చాను తల్లీ. చెరువు పక్కన దాక్కుంటే నీళ్ళ వంక చూడకుండా ఎన్నాళ్ళుంటాం?"

గోవర్ధనం ఏరేటరు తాడు లాగుతూ అందుకున్నాడు. "ఈయనొక్కరే కాదండీ. పక్క చెరువు మీద ఇద్దరున్నారండి, బిళ్ళలోళ్ళు. ఆ లాకుల దగ్గర సోములు చెరువు మీద ముగ్గురు. మావోళ్ళు తలో పూటా కూడెడుతున్నారండి. పోలీసోళ్ళకి జడిసినోళ్ళని సూశాం గానండీ, మీటింగుకి జడిసి పారొచ్చినోళ్ళని ఇదే సూట్టం."

"పిలవండి అందర్నీ" అంది హైమవతి.

పిలిచారు. గట్ల మీంచి పసుపు బిళ్ళలు ఒక్కొక్కటే నడిచొచ్చాయి. మేతల నిపుణుడు ఒకరు, విత్తన చేపల ఆవిడ ఒకరు, నీటి రసాయనాల మనిషి ఒకరు. నాయకత్వ లక్ష్యం ఎవరూ అడగలేదు. మైకు లేదు. "ఆ మూల ఆక్సిజన్ బిళ్ళలు చల్లండి", "ఈ పైపు పట్టుకోండి", "మీరు పడవెక్కండి" అంటే చల్లారు, పట్టుకున్నారు, ఎక్కారు. మధ్యాహ్నానికి నోళ్ళు ఒక్కొక్కటే నీళ్ళ కిందికి దిగాయి. తూము మూల కొన్ని బొచ్చెలు దక్కలేదు. గోవర్ధనం వాటిని గంపలోకి ఎత్తుకుంటూ మిగతా చెరువు వంక చూశాడు. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి.

"ముందే వచ్చారండి" అన్నాడు.

పాకలో అందరూ చేపల పులుసుతో అన్నం తింటూ ఉండగా ఫోను మోగింది. విశ్వపతి గారు.

"అమ్మా హైమవతీ, వచ్చేసింది. అనంతం. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేవడం ఇదే మొదటిసారట. లేస్తే తల కప్పుకి తగిలింది, వేదిక ఎత్తు కదా, ఏం ఫరవాలేదన్నారు. అక్కడికక్కడే వచ్చే ఏటి లక్ష్యం కూడా ఇచ్చేశారు."

"ఎంతండీ?"

"ఉన్నదాని మీద పది శాతం పెంచాలి." ఆయన గొంతులో మొదటిసారి చిన్న బెరుకు వినిపించింది. "అనంతం మీద పది శాతం ఎలా పెంచడమా అని కామేశం గారు తల పట్టుకున్నారు. ఒక ఉపసంఘం వేద్దామనుకుంటున్నాం. నీ సలహా ఏమిటి?"

హైమవతి చుట్టూ చూసింది. సుబ్బరాయుడు ముల్లు తీసుకుంటూ చెయ్యి అడ్డంగా ఊపాడు, నేను లేనని. మిగతా బిళ్ళలన్నీ ఒక్కసారిగా తలలు వంచుకుని పులుసులో మునిగాయి. బయట మబ్బు ఇంకా వీడలేదు. ఈ వానాకాలానికి ఇదొక్కటే మబ్బు కాదు. చుట్టుపక్కల చెరువులన్నీ దీని కిందే ఉన్నాయి.

"ఇంత పెద్ద విషయం ఒక్క సభలో తేలదు సర్" అంది నెమ్మదిగా. "వారానికి ఒకటి సరిపోదేమో. ఈ మబ్బులు వెళ్ళేదాకా రోజూ సభ పెట్టండి. నా సంగతి ఆలోచించకండి. తీర్మానం ఉంది కదా. సభ ఉన్న ప్రతి రోజూ నేను వ్యాను తీసుకుని దూరంగా పోతూనే ఉంటాను."

"నీ త్యాగం సంఘం మరిచిపోదమ్మా" అన్నారు విశ్వపతి గారు.

ఫోను పెట్టేశాక గోవర్ధనం ఆమె ఆకులో ఇంకో ముక్క వేశాడు.

"మళ్ళీ బండెప్పుడొత్తదండీ?"

"మా వాళ్ళ మీటింగు ఎప్పుడైతే అప్పుడు."

గోవర్ధనం గరిటె పట్టుకుని ఆలోచించాడు.

"అలాగైతే మీ పెసిడెంటు గారికి మా ఊరి తరఫున ఓ దండ పంపిద్దామండి. ఆయన్ని ఆ కుర్చీలోంచి లెగనివ్వొద్దండీ."